మురుగు చూడ్డానికి మైపాడు వెళ్ళాను

మైపాడు వెళ్ళొచ్చానని చెబితే అందరూ ముందుగా అడిగేది సముద్రం ఎలా ఉందని. సముద్రాన్ని నేను ఒక సాయంత్రం కాసేపు చూశాను, అంతే. నేను వెళ్ళింది మురుగునీళ్ళు చూడ్డానికి. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుంది. మా ఆయనైతే నేను తిరిగొచ్చేదాకా చుట్టాలందరికీ "నెల్లూరు వైపు ఏదో పనుండి వెళ్ళింది" అని మాత్రమే చెప్పాడు.

ఆ పని ఇదీ. తణుకు శివార్లలో మా కాలనీ. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, సెప్టిక్ ట్యాంకులు పొంగిన నీళ్ళు అన్నీ కాలనీ చివర ఖాళీ స్థలంలోకి చేరి, అక్కణ్ణించి పంటకాలువలో పడతాయి. కింది రైతులు ఇప్పటికే గొడవకి వచ్చి వెళ్ళారు. ఆ స్థలంలో మడుగు తవ్వి, జమ్ము నాటి, మురుగును దాని మధ్య నుంచి మెల్లగా పారనిస్తే మడ్డి కిందికి దిగిపోతుందనీ, జమ్ము కాడల్నీ వేళ్ళనీ పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మిగతా మురికిని తినేస్తాయనీ నేను చదివాను. అసోసియేషన్ మీటింగులో చెప్పాను. కొందరు నవ్వారు. మిగతావాళ్ళు అక్కడ కార్లు పెట్టుకుంటామన్నారు. "ఇది ఎక్కడైనా నడుస్తోందా అండీ, మీరు కళ్ళారా చూశారా?" అని ప్రెసిడెంటుగారు అడిగారు. చూసొచ్చి ఆదివారం సాయంత్రం చెబుతానని అనేశాను. అలా నోరు జారి ప్రయాణం కట్టాను.

మైపాడుకి కాస్త ఇవతల చిన్న క్రైస్తవుల పేట ఒకటుంది. అక్కడ అలాంటి మడుగు కొన్నేళ్ళుగా నడుస్తోందని తెలిసింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే సలోమి అనే ఆవిడ నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, "ఇప్పుడు రావద్దక్కా. క్రిస్మస్ అయినాక రండి" అంది. ఎందుకని అడిగితే మళ్ళీ అదే మాట. నన్ను ఆగమంటే ఒళ్ళు మండుతుంది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని మనిషిని. దీపావళి వెళ్ళగానే రైలెక్కేశాను.

నెల్లూరు: నిన్నటి పులుసు

శుక్రవారం పొద్దున నెల్లూరులో దిగాను. లాడ్జిలో సంచీ పడేసి, కూర్చోలేక, మధ్యాహ్నం భోజనానికి తొందరగానే బయల్దేరాను. చేపల పులుసు అడిగితే వడ్డించే అతను "నిన్నటిదా, ఇయ్యాల్టిదా?" అన్నాడు. నిన్నటిది నాకెందుకు అంటగడుతున్నావని నేను గయ్యిమన్నాను. అతను ఏమాత్రం నొచ్చుకోకుండా, "నిన్నటిది ఇరవై రూపాయలు ఎక్కువ మేడం. ముక్కకి పులుపు పట్టుంటాది" అన్నాడు.

పులుసు మర్నాటికి బాగుంటుందని మా గోదావరి వైపు కూడా అంటాం. కానీ ఆగినందుకు అదనంగా డబ్బులు పుచ్చుకునే హోటలు నేనెక్కడా చూడలేదు. పంతానికి ఇవాళ్టిదే తిన్నాను. బాగానే ఉంది గానీ పక్క టేబుల్ ఆయన ఆకు ఊడ్చుకుని తింటుంటే మనసు అటే పోయింది.

సలోమికి మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. లాడ్జి గదిలో ఫ్యాను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాక, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక చెరువులో జమ్ము అడవిలా పెరిగి ఉంటుందని ఎవరో చెబితే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాను.

బుచ్చిరెడ్డిపాలెం: చెప్పు పోయిన చోటు

ఆ చెరువు ఎవరూ కట్టిన మడుగు కాదు. ఇళ్ళ మురుగు ఒక మూల నుంచి వచ్చి పడుతుంది. అక్కడ నీళ్ళు నల్లగా, సబ్బు నురగతో ఉన్నాయి. తర్వాత మనిషెత్తు జమ్ము. దాన్ని దాటి అవతలికి నడిచి చూస్తే నీళ్ళు కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి గానీ కంపు లేదు. కొంగలు నిలబడి ఉన్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఫోటో తీద్దామని గట్టు దిగి, బురదలో పిక్క దాకా కూరుకుపోయాను. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు.

పక్కనే పంటకాలువలో కొందరు జమ్ము నరుకుతున్నారు. వాళ్ళలో పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఇంత మంచి మొక్కని ఎందుకు చంపుతున్నారని అడిగాను. "చెరువులో అయితే మంచిదేనమ్మా. కాలవలో పెరిగితే నీళ్ళు ముందుకి పోవు గదా" అన్నాడు. ఎంత నరికినా మళ్ళీ మొలుస్తుందట. అందుకే మొదలంటా కోసి, మోళ్ళు మునిగేదాకా నీళ్ళు నిలబెడతారట. "కాడ నీళ్ళ పైన కొంచెం తేలినా బతికేస్తాది. మొత్తం మునిగితే లోపల దుంప కుళ్ళిపోతాది" అని చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు. నేను తల ఊపాను గానీ నా ధ్యాసంతా పోయిన చెప్పు మీదే ఉంది.

బజారులో రబ్బరు చెప్పులు కొనుక్కుని టీ బంకు దగ్గర నిలబడ్డాను. ధాన్యం కొట్ల మధ్య బంకు అది, బస్తాల వాసన. మైపాడు దగ్గరి పేటకి దారి అడుగుతుంటే పక్కన టీ తాగుతున్న ఒకాయన తల తిప్పాడు. అరవై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు.

"ఆ కంపు మడుగు చూడ్డానికా అంత దూరం నించి వచ్చినారు?" అన్నాడు.

ఆయన పేరు పెంచల్ రెడ్డి. ఊరు కొడవలూరు. భార్యకి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం సరిగ్గా ఆ మడుగు కిందే ఉందట. మడుగులోంచి వచ్చే నీళ్ళే ఆ పొలం కాలువలోకి దిగుతాయట. "రెండు నెల్లుగా ఆ వాసనకి గట్టు మీద నిలబడలేకపోతుండాం. తూముకి మట్టి బస్తాలు వేసి మూసేసినా. రేపు నారుమడి చూసుకోను పోతుండా. మా ఇంట్లో పండుకుని పొద్దున రండి, చూపిస్తా" అన్నాడు.

నడుస్తోందని చూపించడానికి నాకున్న ఒక్క మడుగూ అదే.

కొడవలూరు: కొత్త కప్పు

రెడ్డిగారి భార్య రమణమ్మగారు నా బురద కాళ్ళు చూసి ముందు దొడ్లోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చింది. ఆ తర్వాతే పేరడిగింది. దొడ్లో పశువుల కొట్టం కొత్త కప్పుతో మెరుస్తోంది. రేకులు కాకుండా జమ్ముతో నేశారు. దగ్గరికి వెళ్ళి తడిమి చూశాను. అంత పొడుగు జమ్ము, ఒకే ఈడుది, ఎక్కడా తెగకుండా. బాగుందండీ అంటే ఆవిడ గర్వంగా, "ఎండాకాలం కూడా గేదెలకి చల్లగా ఉంటాది. ఈయన పాటలో పాడి తెచ్చినాడు" అంది. పాటంటే ఇక్కడ వేలం. సరే ఏదో వేలంలో దొరికిందనుకున్నాను.

రాత్రి భోజనంలో పప్పుచారు, ఎండురొయ్యల వేపుడు. అన్నం దగ్గర రెడ్డిగారితో వాదన పెట్టుకున్నాను. మా వైపు ఈ రోజుల్లో కోతలు మొదలవుతుంటే, ఇక్కడ ఇప్పుడే నారు పోస్తున్నారు. చినుకు కూడా వీళ్ళకి మా చినుకులు ఆగాక మొదలవుతుంది. ఒకే భాష మాట్లాడే మనుషులం, వానలు మాత్రం వేరువేరు. రెడ్డిగారికి ఆ సంగతి పట్టలేదు. ఆ మడుగు పూడిస్తే పీడ పోతుందని మూడుసార్లు అన్నాడు. రమణమ్మగారు మాత్రం, "మొన్నటిదాకా ఆ నీళ్ళతోనే గదా మన పైరు పచ్చగా ఉండింది" అని మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

మైపాడు దారి: మునిగిన మోళ్ళు

శనివారం రెడ్డిగారి జీపులో వెళ్ళాం. పేట కనిపించే ముందే వాసన తగిలింది. మడుగు ఓ మూడు ఇళ్ళ స్థలమంత ఉంటుంది. అందులో పచ్చదనం లేదు. నల్లటి నీళ్ళు కదలకుండా నిలబడి, మధ్యమధ్యలో బుడగలు. ఒక్క మూల మాత్రం చాపంత మేర జమ్ము నిలబడి గాలికి ఊగుతోంది. మురుగు వెనక్కి తన్ని ఇళ్ళ ముందు కాలువలు నిండిపోయాయి. ఒకావిడ గుమ్మానికి ఇసక పోసుకుంటోంది.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఒక మనిషి వచ్చి నా ఎదుట నిలబడింది. "క్రిస్మస్ అయినాక రమ్మన్నా గదక్కా" అంది. సలోమి. నలభై దాటి ఉంటుంది. ఆ గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. ఇంట్లో అన్నీ చిందరవందరగా ఉన్నప్పుడు చుట్టం దిగితే మనకి ఉంటుందే, అది. నా మీద నాకే చికాకు వేసింది.

జరిగింది ఆమే చెప్పింది. వీళ్ళ చర్చిలో ఏటా కోత పండగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడితే, ఆరాధన అయ్యాక వాకిట్లో వేలం పాడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు తెస్తారు. ఈ పేటవాళ్ళకి సెంటు భూమి లేదు, వలలకీ కూలికీ పోతారు. ఎప్పుడూ ఎండు చేపలే పెట్టేవాళ్ళు. పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళట. ఈ ఏడు వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. మడుగులో జమ్ము వాళ్ళు నాటిందే గదా, వాళ్ళ పంటే గదా.

"మడుగు కట్టించినవాళ్ళు సగం సగం కొయ్యమని చెప్పి పోయినారక్కా. మా సంఘపెద్ద యేసురత్నం గారు దేవుడికి సగం ఎట్టా ఇస్తాం అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. పొట్టిగా ఉంటే బాగుండదని మొదలంటా కోసినాం. ఆ మూల నీటికోడి గుడ్లు పెట్టిందని వదిలినాం, అంతే. కట్టలు పేరిస్తే గుడి తలుపంత ఎత్తు వచ్చినాయి. ఆ పొద్దు మా పేటోళ్ళు ఎట్టా తలెత్తుకోని నిలబడినారో నువ్వు చూడాల్సింది" అంది సలోమి.

తర్వాత పది రోజులకే నీళ్ళు కంపు పట్టాయి. అప్పుడు రెడ్డిగారు తూము మూశాడు.

"ఎవురు కొయ్యమన్నారమ్మా మొత్తం?" అన్నాడు రెడ్డిగారు గట్టు మీద నుంచి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"కోసింది మేమేనన్నా. పాటలో పాడుకోని పోయింది నువ్వే గదా" అంది సలోమి.

ఆయన తువ్వాలు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. నాకు ఒక్కసారిగా నిన్నటి కొట్టం గుర్తొచ్చింది. నేను తడిమి మురిసిపోయిన ఆ కప్పంతా ఈ మడుగే. ఆయన ఏ మడుగు కంపని తిడుతున్నాడో దాని జమ్ము కిందే ఆయన గేదెలు చల్లగా నెమరు వేస్తున్నాయి.

అప్పుడే బుచ్చిరెడ్డిపాలెం పెద్దాయన మాట కూడా గుర్తొచ్చింది. కర్ర తీసుకుని నీళ్ళలో గుచ్చి చూశాను. మోళ్ళు జానెడు లోతున మునిగి ఉన్నాయి. తూము మూసినప్పటి నుంచీ నీళ్ళు పెరిగాయని సలోమి చెప్పింది. జమ్మును చంపాలనుకునేవాళ్ళు ఏం చేస్తారో, వీళ్ళిద్దరూ కలిసి సరిగ్గా అదే చేశారు. ఈమె మొదలంటా కోసింది, ఆయన నీళ్ళు నిలబెట్టాడు. కంపని తూము మూశాడు, మూసినందుకు మోళ్ళు కుళ్ళాయి, కుళ్ళినందుకు కంపు ఇంకా పెరిగింది. ఇదంతా గబగబా చెప్పేసి, "రెడ్డిగారూ, ముందు ఆ బస్తాలు తీయించండి" అన్నాను.

"మొన్ననే నారు పోసినా. ఆ నల్లనీళ్ళు నా కాలవలోకి వదలమంటారా?" ఆయన ముఖం ఎర్రబడింది. "మీకేమమ్మా, రేపు రైలెక్కి పోతారు."

జీపు ఎక్కి నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది, నిజం కాబట్టి.

సలోమి ఇంట్లో ఉండిపోయాను. సాయంత్రం నేను కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమె నన్ను సముద్రం దాకా నడిపించుకెళ్ళింది. పడవలు ఇసక మీదికి లాగి ఉన్నాయి. మడుగు లేని రోజుల్లో ఆ మురుగంతా ఇళ్ళ మధ్యే నిలబడేదనీ, పేటలో జ్వరం లేని ఇల్లు ఉండేది కాదనీ చెప్పింది. రేపు ఆరాధన తర్వాత సంఘం తీర్మానం చేస్తుందట. మట్టి లారీ మాట్లాడేశారట. పూడ్చేస్తే మళ్ళీ పాత కథే. "నేనే నాటించినా, నేనే కోయించినా. ఇంక ఎవురిని అడిగేది?" అంది. ఆ ఇసక మీదే చీకటి పడేదాకా కూర్చున్నాం. సముద్రం గురించి అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

ఆదివారం ఆరాధన

పొద్దున్నే బస్సు అందుకుంటే సాయంత్రం మీటింగుకి తణుకు చేరతాను. సంచీ సర్దుకున్నాను. బస్సు హారన్ కూడా వినిపించింది. ప్రెసిడెంటుగారికి ఫోన్ చేసి ఇవాళ రాలేనని చెప్పాను. "మీరు లేకపోతే తొందరగా తేలిపోతుంది లెండి" అన్నారాయన. మామూలుగా అయితే ఆ మాటకి పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని. వెళ్ళి ఏం చెప్పాలి, నా మడుగు చచ్చిపోయిందనా?

చర్చిలో ఆడవాళ్ళం ఒక వైపు చాపల మీద, కొంగు తల మీదికి కప్పుకుని కూర్చున్నాం. పాట మీద పాట, ఆపైన ప్రసంగం. మా కులదేవత దగ్గర దండం పెట్టి ప్రసాదం తీసుకుని బయటపడే అలవాటున్నదాన్ని, అంతసేపు మఠం వేసుకుని ఎన్నడూ కూర్చోలేదు. మోకాళ్ళు మారుస్తూనే ఉన్నాను. సలోమి మాత్రం కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది.

ఆశీర్వాదం అయ్యాక యేసురత్నం గారు లేచారు. తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు. మడుగు పూడ్చే సంగతి చెబుతుండగా గుమ్మం దగ్గర అలికిడయింది. పెంచల్ రెడ్డిగారు, పక్కన రమణమ్మగారు. ఆయన పంచె మోకాళ్ళ దాకా బురద.

"అన్నా, లోపలికి రండి" అన్నారు యేసురత్నం గారు.

"కాళ్ళు బాగలేవు, ఈడనే చెప్తా. తూము తీసేసినా. నారుమడికి బోరు నీళ్ళు పెట్టుకుంటా" అన్నాడు రెడ్డిగారు.

"పొలం నాది. తియ్యమన్నది నేను" అంది రమణమ్మగారు నెమ్మదిగా. ఆడవాళ్ళ వైపు నవ్వులు వినిపించాయి.

రెడ్డిగారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అయితే ఒక మాట. వచ్చే ఏడు కూడా మొత్తం కోస్తే నేను మళ్ళీ తూము తియ్యను. సగమే కొయ్యాల."

యేసురత్నం గారు బైబిలు మూసి పక్కన పెట్టారు. "మా దగ్గర ఉండేదే అదన్నా. దాంట్లో కూడా దేవుడికి సగమేనా?" అన్నారు. అది మొండితనం కాదు. ఆ కట్టల పక్కన తలెత్తుకుని నిలబడిన రోజును మళ్ళీ సగం చేయమంటున్నారు ఆయన్ని.

"సగమే పెట్టండి. మొత్తానికి ఎంత పాడినానో, ఆ సగానికీ అంతే పాడతా" అన్నాడు రెడ్డిగారు.

యేసురత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మట్టి లారీ వద్దని ఫోన్ చెయ్యండిరా" అన్నారు. సలోమి అప్పుడు ఏడ్చింది. నాకు కూడా కళ్ళు నిండాయి. ఎంతసేపు అలా కూర్చున్నానో, నా కాళ్ళు తిమ్మిరెక్కిన సంగతి లేచి నిలబడబోతే గానీ తెలియలేదు.

మధ్యాహ్నం మడుగు దగ్గరికి వెళితే నీళ్ళు తగ్గుతూ, అక్కడక్కడా మోళ్ళ కొనలు బయటపడుతున్నాయి. కంపు అలాగే ఉంది. సలోమి నీటికోడి మూల నుంచి నాలుగు దుంపలు తీసి ఖాళీ చోట్ల గుచ్చింది. రమణమ్మగారు గిన్నెలో తెచ్చిన పులుసుతో గట్టు మీదే అన్నం తిన్నాం. అది నిన్నటి పులుసు. హోటలువాడు చెప్పింది నిజమే.

తణుకులో

నేను లేకుండా మా మీటింగు ఏమీ తేలలేదు. ఖాళీ స్థలంలో ఎవరి కారు ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవపడి లేచిపోయారట. తర్వాతి వారం అంతా ఉన్నదున్నట్టు చెప్పాను, చచ్చిపోయిన సంగతితో సహా. విచిత్రం, నడుస్తోందని చెబితే నవ్వినవాళ్ళు ఎందుకు ఆగిపోయిందో చెబితే శ్రద్ధగా విన్నారు. కింది రైతుల్ని కూడా పిలిచి అడగాలని ప్రెసిడెంటుగారే అన్నారు. పిలిచాం. వాళ్ళు ఒప్పుకున్నారు. వెంటనే గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

జమ్ము దుంపలు సలోమి దగ్గర నుంచే తేవాలని నా పట్టుదల. గొయ్యి తయారవగానే ఫోన్ చేశాను. కంపు తగ్గిందనీ, కుళ్ళకుండా మిగిలిన మోళ్ళు చిగురు పెట్టాయనీ, రెడ్డిగారు రోజూ వచ్చి గట్టు మీద నిలబడి చూసి పోతున్నాడనీ చెప్పింది. అయితే రేపే బయల్దేరతానన్నాను.

"ఇప్పుడు రావద్దక్కా. క్రిస్మస్ అయినాక రండి" అంది.

ఈసారి ఎందుకని అడగలేదు. వేళ్ళు పట్టకముందే కదిలిస్తే జమ్ము ఇటూ బతకదు, అటూ బతకదు. సరేనని ఫోన్ పెట్టేసి ఇంట్లోనే ఉన్నాను. సంచీ మాత్రం సర్దే ఉంచాను.